ఐసీ మీద ఉన్న నంబరే బిల్లు మీదా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

యాంప్లిఫయర్‌లో పాట చప్పుడు పెంచే చిప్పునే మేం ఐసీ అంటాం. ఐదు కాళ్ల టీడీఏ2030 అనే ఐసీ ముఖాన్ని గరుకు కాగితంతో అరగదీసి, నల్లరంగు పూసి, ఎల్ఎం1875 అని కొడితే చాలు, దాని ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. రెండింటి ఆకారం ఒకటే, కాళ్ల వరసా ఒకటే. ఒకటోది ప్లస్ ఇన్‌పుట్, రెండోది మైనస్ ఇన్‌పుట్, మూడోది నెగటివ్ సప్లై, నాలుగోది అవుట్‌పుట్, ఐదోది పాజిటివ్ సప్లై. బోర్డులో బుద్ధిగా కూర్చుంటుంది. తేడా అంతా కడుపులో ఉంది. టీడీఏ2030 తట్టుకునేది ±18 వోల్టులే, అంటే ప్లస్ సప్లై 18, మైనస్ సప్లై 18. ఎల్ఎం1875 రెండు సప్లైలూ కలిపి 60 వోల్టులు, అంటే ±30 దాకా ఓర్చుకుంటుంది. 1875 కోసం చేసిన ±25 వోల్టుల బోర్డులో ఈ ముసుగు వేసుకున్న 2030ని పెట్టి స్విచ్ వేస్తే టప్పుమని పగులుతుంది, లేదా చప్పుడు లేకుండా షార్ట్ అయి కూర్చుంటుంది. మెకానిక్ తన సోల్డరింగ్‌ను అనుమానిస్తాడు, సెట్టు తెచ్చినవాడు మెకానిక్‌ను అనుమానిస్తాడు. అమ్మినవాడిని అడగడానికి దారి ఉండదు, ఎందుకంటే బిల్లు మీద ‘ఐసీ 1’ అని మాత్రమే ఉంటుంది. చాలాసార్లు ఆ బిల్లూ ఉండదు.

ఈ ఉత్తరంలో అడుగుతున్నది ఒక్కటే. యాంప్లిఫయర్ ఐసీ అమ్మినప్పుడు బిల్లు మీద పూర్తి పార్ట్ నంబరు, తయారీ కంపెనీ పేరు రాయాలి. కొనేవాళ్లు రాయించుకోవాలి. ‘ఒరిజినల్ కావాలా, చైనాది కావాలా?’ అని కౌంటర్ మీద అడగడం మన బజార్లలో కొత్త కాదు. అలా అడిగే దుకాణదారుతో మాకు పేచీ లేదు. తక్కువ రకం సరుకును తక్కువ రకమనే చెప్పి తక్కువకే ఇస్తే అది వ్యాపారం. అందరూ చైనా లెక్కలో కలిపేసే తైవాన్ కంపెనీ యూనిసోనిక్, యూటీసీ అనే తన గుర్తు వేసుకునే టీడీఏ2030 చేస్తుంది. చిన్న స్పీకర్ సెట్టుకో, పాలిటెక్నిక్ పిల్లల ప్రాజెక్టుకో అది చాలు. పేచీ అంతా ఒకరి పేరు ఇంకొకరి నెత్తిన కొట్టి అమ్మేవాళ్లతోనే.

నకిలీలన్నీ ఒకే తాను ముక్కలు కావు. పైన చెప్పింది తక్కువ ఐసీకి ఎక్కువ నంబరు కొట్టే రకం. కారు స్టీరియోల్లో ఇదే జరుగుతుంది. టీడీఏ7388, టీడీఏ7850 రెండూ 25 కాళ్ల నాలుగు చానెళ్ల ఐసీలు, ఒకదాని చోట ఒకటి సరిపోతాయి. కానీ 7850 లోపల అవుట్‌పుట్‌కు మాస్‌ఫెట్ రకం ట్రాన్సిస్టర్లు, ఖరీదు ఎక్కువ. కాబట్టి 7388కి 7850 అని పేరు పెడతారు. పాట వస్తుంది, దమ్ము రాదు. ఇక రెండో రకం పాత బోర్డుల నుంచి ఊడబీకినది. చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని గ్వియూ ఊరు ఇలా ఎలక్ట్రానిక్ చెత్తను విప్పే పనికి ప్రపంచమంతా పేరు మోసింది. బోర్డును పొయ్యి మీద కాల్చి, ఐసీలు రాలగొట్టి, కడిగి, కాళ్లు సాపు చేసి, కొత్త తేదీ కొడతారు. లోపలిది అసలైనదే కావచ్చు. కానీ ఎన్నేళ్లు పనిచేసిందో, ఎంత వేడి తిన్నదో ఎవరికీ తెలియదు. అమెరికా సెనేట్ సాయుధ దళాల కమిటీ 2012లో ఇచ్చిన నివేదికలో సైనిక పరికరాల్లోకే ఇలాంటి అనుమానాస్పద భాగాలు చేరిన సంఘటనలు సుమారు 1,800, భాగాలు 10 లక్షలకు పైన అని తేలింది. అంత కట్టుదిట్టమైన చోటికే చేరినవి కోఠీ గుజరాతీ గల్లీకో, చెన్నై రిచీ స్ట్రీట్‌కో రావడంలో వింతేముంది? తెచ్చి అమ్మే దుకాణదారుకే చాలాసార్లు తెలియదు.

మూడో రకమే అన్నిటికంటే ప్రమాదం. బయట టీడీఏ7294 అనే పెద్ద పవర్ ఐసీ నంబరు, లోపల చిన్న సిలికాన్ ముక్క. తక్కువ వాల్యూమ్‌లో బాగానే పాడుతుంది. దీన్ని పట్టుకోవడానికి కింద చెప్పే మీటర్ పనే దారి.

సాన్యో కంపెనీ చేసిన ఎస్‌టీకే యాంప్లిఫయర్ మాడ్యూళ్ల సంగతి వేరు. టేప్ రికార్డర్ల కాలం నుంచి మన ఊళ్ల అసెంబుల్డ్ సెట్లలో నలిగిన ఎస్‌టీకే4141 లాంటివి నిజానికి ఒకే చిప్పు కావు. అల్యూమినియం పలక మీద ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు పేర్చి ప్లాస్టిక్ మూత వేసిన చిన్న బోర్డులు. సాన్యో తన సెమీకండక్టర్ వ్యాపారాన్ని 2011లోనే ఆన్ సెమీకండక్టర్ కంపెనీకి అమ్మేసింది. కాబట్టి సాన్యో పేరుతో మెరిసిపోతున్న ‘ఫ్రెష్ మాల్’ చూపిస్తే, అది గోదాములో మిగిలిన పాత సరుకై ఉండాలి, లేదా మూత కింద సన్న ట్రాన్సిస్టర్లు అతికించిన నకలై ఉండాలి. మొదటిదానికంటే రెండోదే ఎక్కువ కనిపిస్తుంది. ఎస్‌టీకే కోసం వెతుక్కునే సెట్టుకు టీడీఏ7294 బోర్డులు రెండు వేసుకోవడమే మేలని మా అభిప్రాయం. సప్లై వోల్టేజి సరిచూసుకుంటే చాలు.

ఇప్పుడు కౌంటర్ దగ్గర చేయగలిగిన పని. కావలసినవి నాలుగు: వాచీ మెకానిక్ వాడే పది రెట్ల భూతద్దం, చిన్న సీసాలో అసిటోన్, చెవి పుల్లలు, జేబు తూకం. ఒక అయస్కాంతం ముక్క ఉంటే ఇంకా మంచిది.

ముందు ఐసీని దీపానికి ఏటవాలుగా పట్టుకుని చూడాలి. అచ్చులో పోసిన ప్లాస్టిక్‌కు ముఖం మీద, పక్కల మీద ఒకే రకం గరుకు ఉంటుంది. ముఖం ఒక్కటే నున్నగానో, తారు పూసినట్టుగానో ఉండి, పక్కలు వేరుగా ఉంటే అనుమానించాలి. సన్నటి గీతలు ఒకే దిక్కుకు వరుసగా కనబడితే అవి గరుకు కాగితం గీతలే. ముఖం మీద అచ్చు వదిలిన గుండ్రటి గుంట ఉంటే దాని అంచును భూతద్దంలో చూడాలి. అసలు దానిలో అంచు కొట్టినట్టు పదునుగా ఉంటుంది, లోతు అంతటా సమానం. అరగదీసిన దానిలో లోతు తగ్గిపోతుంది. రంగు పూసిన దానిలో గుంట మూలల్లో రంగు పేరుకుని, అడుగు గిన్నెలా వంపు తిరుగుతుంది. ఒకే ట్యూబులో పది ఐసీలు తీసి పక్కపక్కన పేర్చి చూడటం అన్నిటికన్నా మంచి ఉపాయం. పదింటి మీదా ఒకే తేదీ కోడు ఉండి, గుంటలు మాత్రం ఒక్కోదానికి ఒక్కోచోట, వెనక గుర్తులు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటే, అవి పది చోట్ల నుంచి పోగేసి ఒకే ముద్ర కొట్టినవి. ఫ్యాక్టరీ నుంచి ఒకే రోజు వచ్చిన సరుకులో ఇలా జరగదు.

తేదీ కోడు కూడా చదవాలి. నాలుగు అంకెలుంటే మొదటి రెండు సంవత్సరం, తర్వాతి రెండు వారం. 2215 అంటే 2022లో 15వ వారం. మూడు అంకెలు వేసే కంపెనీలు సంవత్సరం చివరి అంకె, తర్వాత వారం వేస్తాయి. ఏడాదిలో 53 వారాలకు మించవు కదా! వారం చోట 67 అని ఉంటే ఆ ముద్ర కొట్టినవాడికి అది తేదీ అని కూడా తెలియదన్నమాట.

కాళ్ల చివరలు చూడాలి. కొత్త ఐసీ కాళ్లకు తగరం పూత పూశాకే చివరలు కోస్తారు. అందుకని కోసిన చోట లోపలి రాగి రంగు సన్నగా కనిపిస్తుంది. చివరి దాకా సోల్డర్ కప్పేసి మెరుస్తుంటే ఆ కాళ్లను మళ్లీ తగరంలో ముంచారు. కాలు మొదట్లో, ప్లాస్టిక్‌ను ఆనుకుని ఫ్లక్స్ (సోల్డర్ అతకడానికి వాడే) జిగురు మిగిలినా అంతే. వెనక రేకు విషయానికొస్తే, పవర్ ఐసీ రేకు రాగిది, పైన తగరమో నికెలో పూత ఉంటుంది. అయస్కాంతం టక్కున అతుక్కుంటే అది ఇనప రేకు. ఇనుము వేడిని రాగిలా లాగలేదు.

అసిటోన్ పరీక్ష గురించి చాలామందికి సగమే తెలుసు. చెవి పుల్లను తడిపి, ముందు ఐసీ పక్కభాగం మీద పదిసార్లు రుద్దాలి. దూది తెల్లగా ఉంటే, అదే ఒత్తిడితో ముఖం మీద రుద్దాలి. ముఖం నుంచి దూదికి నలుపు అంటితే పైన పూత ఉంది, ఆ ఐసీ అక్కడే పెట్టేసి రావచ్చు. తెల్ల అక్షరాలు మాత్రమే చెరిగితే తొందరపడకూడదు. ఇంకుతో ముద్ర వేసిన అసలు సరుకులో కూడా కొన్నిటికి అలా పోతుంది. లేజర్‌తో చెక్కిన అక్షరాలు మాత్రం పోవు. ఇంకో మాట, అసిటోన్‌కు లొంగని పూతలూ వచ్చాయి. నలుపు అంటితే నకిలీ ఖాయం, అంటకపోతే అసలుదని ఖాయం కాదు. గోళ్ల రంగు తుడిచే సీసా దీనికి పనికిరాదు. వాటిలో నీళ్లూ నూనెలూ కలుస్తాయి, కొన్నిటిలో అసిటోనే ఉండదు. అసిటోన్ పెట్రోలులా అంటుకుంటుంది, వేడి సోల్డరింగ్ ఐరన్ పక్కన మూత తీయకూడదు.

తూకం ఎక్కడ పనికొస్తుందంటే డీజే బాక్సుల యాంప్లిఫయర్లలో పదులకొద్దీ వాడే 5200–1943 ట్రాన్సిస్టర్ల జతలో. ఇవి ఐసీలు కావు గానీ, మన దగ్గర నకిలీ బాధ వీటితోనే ఎక్కువ. తోషిబా 2ఎస్‌సీ5200 పెద్ద ప్యాకేజీ బరువు కంపెనీ కాగితం ప్రకారం 9.75 గ్రాములు. ఏడెనిమిది గ్రాములే తూగితే వెనక రాగి పలుచన చేశారు. నంబరు చివర ‘ఎన్’ ఉన్న కొత్త రకం వేరే చిన్న ప్యాకేజీ, అది సహజంగానే తేలిక. రెండింటినీ కలిపి గొడవ పడొద్దు. నమ్మకమైన పాత ట్రాన్సిస్టర్ ఒకటి దగ్గరుంటే, కెపాసిటెన్స్ కొలిచే మీటర్‌తో దాని బేస్–ఎమిటర్ మధ్య, కొత్తదాని బేస్–ఎమిటర్ మధ్య కొలిచి పోల్చాలి. కొత్తది పాతదానిలో సగం కూడా చూపకపోతే లోపలి ముక్క సగమే. సిలికాన్ వైశాల్యం దాచినా కెపాసిటెన్స్ దాగదు.

మల్టీమీటర్‌తో కరెంటు లేకుండా చేసేవి కొన్ని. టీడీఏ7294లో వెనక రేకు 8వ కాలికి, అంటే నెగటివ్ సప్లైకి కలిసి ఉంటుంది. మీటర్ బీప్ కొట్టాలి. ఎల్ఎం3886 అనే ఇంకో పవర్ ఐసీలో చివర ‘టీ’ ఉన్నదైతే రేకు 4వ కాలికి కలిసి ఉంటుంది, అదీ నెగటివే. చివర ‘టీఎఫ్’ ఉన్నది ఒళ్లంతా ప్లాస్టిక్ కప్పిన రకం, హీట్ సింక్‌కు నేరుగా బిగించుకోవచ్చు. ‘టీఎఫ్’ అని రాసి వెనక లోహం కనిపిస్తే ఇక మీటర్ అక్కర్లేదు.

టోన్ బోర్డుల్లో వేసే ఎన్ఈ5532 అనే చిన్న ఐసీ విషయంలో ఒక చక్కని కిటుకు ఉంది. అసలు 5532 లోపల రెండు ఇన్‌పుట్‌ల మధ్య ఎదురెదురుగా రెండు డయోడ్లు ఉంటాయి. మీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టి 2, 3 కాళ్ల మధ్య ముల్లులు ఇటూ అటూ మార్చి చూస్తే రెండు వైపులా సుమారు 0.6 నుంచి 0.7 చూపించాలి. 5, 6 కాళ్ల మధ్యా అంతే. దాని చోట వేసే 4558 అనే ఐసీ లోపల ఆ డయోడ్లు లేవు, రెండు వైపులా అలా చూపదు. 4558కి 5532 అని పేరు కొట్టి అమ్మేవాడు పూత బాగా పూయగలడు గానీ లోపల డయోడ్లు పెట్టలేడు. ఇంకా అనుమానముంటే 9 వోల్టుల బ్యాటరీలు రెండు, ప్లస్ వైరులో 100 ఓమ్‌ల రెసిస్టర్ చాలు. రెండు భాగాలకూ అవుట్‌పుట్‌ను మైనస్ ఇన్‌పుట్‌కు కలిపి, ప్లస్ ఇన్‌పుట్ గ్రౌండ్ చేసి, రెసిస్టర్ మీద వోల్టేజి కొలవాలి. 5532 సుమారు 8 మిల్లీయాంపులు తాగుతుంది కాబట్టి 0.7, 0.8 వోల్టుల దగ్గర కనబడుతుంది. 4558 అందులో సగం కూడా లాగదు.

ఇక పవర్ ఐసీకి కరెంటు ఇచ్చే పని. ఇక్కడ తొందరే శత్రువు. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి వరుసలో, షార్ట్ ఉంటే కరెంటును అదుపు చేసే 60 వాట్ల సిరీస్ బల్బు ఉండాలి. స్పీకర్ కలపకూడదు, ఇన్‌పుట్ గ్రౌండ్ చేయాలి, హీట్ సింక్ మాత్రం బిగించాలి. పవర్ సప్లై నుంచి బోర్డుకు వచ్చే ప్లస్ వైరులో ఒకటి, మైనస్ వైరులో ఒకటి 10 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్లు పెట్టాలి. వాటి మీద వోల్టేజి కొలిస్తే ఐసీ ఊరకే ఉన్నప్పుడు ఎంత కరెంటు తాగుతోందో తెలిసిపోతుంది. 0.3 వోల్టులంటే 30 మిల్లీయాంపులు. టీడీఏ7294కి కంపెనీ చెప్పిన లెక్క 20 నుంచి 65 మధ్య, మామూలుగా 30. ఎల్ఎం3886కి మామూలుగా 50, గరిష్ఠం 85. మొదట్లో చెప్పిన జత దగ్గర ఇదే తీర్పు చెబుతుంది. ఎల్ఎం1875 మామూలుగా 70 మిల్లీయాంపులు తాగుతుంది, టీడీఏ2030 40. కాబట్టి 1875 అని కొన్నదాన్ని నేరుగా ±25 మీద పెట్టకుండా, ముందు 9-0-9 (మధ్య తీగకు అటూ ఇటూ 9 వోల్టుల ఏసీ ఇచ్చే) ట్రాన్స్‌ఫార్మర్‌తో, అంటే సుమారు ±12 మీద కొలవాలి. తక్కువ వోల్టేజిలో కరెంటు కొంచెం తగ్గుతుంది, అయినా 0.3, 0.4 వోల్టుల దగ్గరే ఆగిపోతే అది 1875 కాదు. అలా ఐసీ బతికుండగానే పట్టుకుంటే వాపసు ఇవ్వొచ్చు.

అదే సమయంలో అవుట్‌పుట్ కాలికీ గ్రౌండ్‌కూ మధ్య డీసీ చూడాలి. కొన్ని పదుల మిల్లీవోల్టులు దాటకూడదు. అర వోల్టు, ఒక వోల్టు కనబడితే స్పీకర్ దగ్గరికి కూడా పోనివ్వద్దు.

ఎందుకింత చాదస్తం అంటే లెక్క చూడండి. ఐసీ లోపల షార్ట్ అయితే సప్లై నేరుగా స్పీకర్ మీద పడుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్ కాయిల్ డీసీకి సుమారు 6 ఓమ్‌లే చూపుతుంది. 35 వోల్టులు పడితే 35 గుణించు 35 భాగించు 6, అంటే 200 వాట్లు. అదీ పాటలా వచ్చీ పోయీ కాదు, ఆగకుండా. కాయిల్ కమురు వాసన రావడానికి ఎక్కువసేపు పట్టదు. ఐసీ దగ్గర మిగుల్చుకున్న వంద, రెండు వందలకు ఊఫర్ పోతుంది. అసలు టీడీఏ7294 లోపల 145 డిగ్రీల దగ్గర గొంతు మూసేసి, 150 దగ్గర పూర్తిగా ఆగిపోయే రక్షణ ఉంటుంది. నకలులో ఆ భాగం ఉండదు, ఉన్నా సరిగా పనిచేయదు. చిన్న ముక్క కాబట్టి వేడి రేకులోకి దిగడమే ఆలస్యం. ±35 సప్లై, 8 ఓమ్‌ల లోడ్ మీద ఈ ఐసీలో ఖర్చయ్యే వేడి గరిష్ఠంగా 30 వాట్లు దాటుతుంది. హీట్ సింక్ చేతికి గోరువెచ్చగా ఉండగానే ఐసీ పోయిందంటే, వేడి బయటికి రాకుండానే లోపల కాలిందని అర్థం. అలా జరిగితే ఐసీకీ హీట్ సింక్‌కూ మధ్య వేసే మైకా రేకు, పేస్ట్, స్క్రూ బిగింపు చూడాలి. అవి బాగుంటే ఐసీని అనుమానించాలి.

వాట్లు నిజంగా వస్తున్నాయా అన్నది స్పీకర్‌తో, చెవితో తేల్చకూడదు. 33 ఓమ్‌ల 25 వాట్ల వైర్‌వూండ్ రెసిస్టర్లు నాలుగు సమాంతరంగా కలిపితే 8 ఓమ్‌ల పైచిలుకు, 100 వాట్ల లోడ్ తయారు. ఫోన్‌లో టోన్ ఇచ్చే యాప్ పెట్టుకుని 200 హెర్ట్జ్ ఇవ్వాలి. మామూలు మల్టీమీటర్లు 1000 హెర్ట్జ్ దగ్గర ఏసీ వోల్టేజిని తప్పు చూపుతాయి కాబట్టి 200 చాలు. ఇప్పుడు 10 ఓమ్‌ల రెసిస్టర్లు, సిరీస్ బల్బు తీసేసి పూర్తి సప్లై ఇచ్చి, లోడ్ మీద ఏసీ వోల్టేజి చూడాలి. ±35 సప్లైతో టీడీఏ7294 8 ఓమ్‌లలో 70 వాట్లు ఇవ్వాలంటే మీటర్ 23.7 వోల్టుల దగ్గరికి రావాలి. ±28 మీద ఎల్ఎం3886 4 ఓమ్‌లలో 68 వాట్లు ఇవ్వాలంటే 16.5 వోల్టులు. ఈ కొలత జరుగుతున్నప్పుడే సప్లై కూడా చూస్తూ ఉండాలి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ±35 కాస్తా ±28కి జారితే వాట్లు తగ్గడం ఐసీ తప్పు కాదు. ఆసిలోస్కోప్ ఉన్నవాళ్లు అలల తలలు తెగే చోటు కళ్లారా చూడొచ్చు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. పోయిన ప్రతి ఐసీ నకిలీ కాదు. మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు 30-0-30 ట్రాన్స్‌ఫార్మర్‌తో టీడీఏ7294 నడపడం. 30ని 1.414తో హెచ్చిస్తే 42, డయోడ్లు తిన్నాక ±41. పనిచేసేటప్పుడు ఈ ఐసీ హద్దు ±40. లైన్ వోల్టేజి 230 బదులు 250 ఉన్న ఊళ్లో ±45 దాటుతుంది. అసలు ఐసీ కొన్నాళ్లు భరిస్తుంది, తర్వాత పోతుంది. 24-0-24 లేదా 25-0-25 దీనికి సరి. అలాగే 7294 బోర్డులో 7293 వేసేవాళ్లుంటారు, అది ±50 దాకా పనిచేస్తుందని. కాళ్లు సరిపోతాయి గానీ, 7294కి 6, 14 కాళ్ల మధ్య ఉండే బూట్‌స్ట్రాప్ కెపాసిటర్‌ను 7293కి 6, 12 మధ్యకు మార్చాలి. మార్చకుండా వేసి నకిలీ అనడం అన్యాయం. ఎల్ఎం3886 చప్పుడే చేయకపోతే 8వ కాలి మ్యూట్ చూడాలి, ఆ కాలి నుంచి అర మిల్లీయాంపు నెగటివ్ సప్లై వైపు పోతేనే అది పాడుతుంది. టీడీఏ7294లో 9, 10 కాళ్లకు మూడున్నర వోల్టుల పైన రావాలి. 3886 గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలన్నది) పది కంటే తగ్గిస్తే తనంతట తానే ఊగిపోయి, పాట లేకుండానే కాలుతుంది. సప్లై కాళ్లను ఆనుకుని 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టకపోయినా ఇదే గతి. ఇక మైకా చిరిగి రేకు చాసిస్‌కు తగిలితే మైనస్ సప్లై గ్రౌండ్‌తో షార్ట్. ఇవన్నీ చూసుకున్నాకే దుకాణానికి వెళ్లాలి.

స్విచ్‌లా వేగంగా ఆన్-ఆఫ్ అవుతూ పనిచేసే క్లాస్-డీ యాంప్లిఫయర్ బోర్డుల్లో ఐసీని పీకి చూడలేం కాబట్టి ఒక్క గుర్తు చెబుతాం. టీపీఏ3116కి వేడి దిగే లోహపు మచ్చ పైకి ఉంటుంది, దాని మీదే హీట్ సింక్ అతుకుతుంది. మచ్చ బోర్డు వైపు ఉంటే అది 3118, అందులో సగానికి కొంచెం పైన వాట్లకే పనికొచ్చేది.

సరైన సరుకు ఎక్కడ దొరుకుతుందంటే, తయారీ కంపెనీలు తమ వెబ్‌సైట్‌లో అధీకృత డీలర్ల పేర్లు పెడతాయి. ఎలక్ట్రానిక్ భాగాలు ఆన్‌లైన్‌లో అమ్మే మౌసర్, డిజీకీ, ఎలిమెంట్14 ఇండియాకు పంపుతాయి. ఒక్క ఐసీకి పంపించే ఖర్చే ఎక్కువవుతుంది. నలుగురైదుగురు మెకానిక్‌లు కలిసి పదో ఇరవయ్యో ఒకేసారి తెప్పించుకుంటే గిట్టుబాటు అవుతుంది. అక్కడ కొన్ని వందల రూపాయలు ఉన్న ఐసీ ఇంకోచోట ఎనభై రూపాయలకు ‘ఒరిజినల్’ అని కనబడితే, ఆ ఎనభై దేనికి ఇస్తున్నామో మనకు తెలియాలి. తెప్పించిన వాటిలో ఒకటి మంచిదని తేలాక వాడకుండా దాచుకోవాలి. రేపు కొనే ప్రతిదాన్నీ దానితో పోల్చుకోవచ్చు.

చట్టం మన వైపే ఉంది, కాగితమే ఉండటం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(43) ప్రకారం అసలైనదని అబద్ధం చెప్పి అమ్మేది నకిలీ సరుకే. వ్యాపారం కోసం కొన్నవారికి ఈ చట్టం వర్తించదని చెప్పి మెకానిక్‌లను వెనక్కి పంపడానికి చూస్తారు. సెక్షన్ 2(7) వివరణలో, స్వయం ఉపాధితో జీవనం కోసమే కొని వాడుకునేవారికి ఆ మినహాయింపు అడ్డు రాదని స్పష్టంగా ఉంది. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 103, 104 సెక్షన్ల కింద దొంగ గుర్తు కొట్టినా, కొట్టినది అమ్మినా ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. వంద రూపాయల ఐసీకి కోర్టుకు ఎవరు వెళ్తారని నవ్వొచ్చు. కానీ బిల్లు మీద ‘ఎల్ఎం1875, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్’ అని రాయమని అడిగినప్పుడు దుకాణదారు ముఖం చూడండి. అసలు సరుకు ఉన్నవాడు రాస్తాడు. లేనివాడు ‘అంత గ్యారంటీ లేదన్నా, చైనాది తీసుకో’ అని ధర తగ్గిస్తాడు. ఆ ఒక్క మాటకే మోసం ఆగిపోయింది కదా.

ఆన్‌లైన్‌లో కొంటే ప్యాకెట్ విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, నంబరు స్పష్టంగా కనబడేలా. ఐసీ పోయాక పారేయకండి. అనుమానం ఉన్న చచ్చిన ఐసీని బెంచి వైస్‌లో ప్లాస్టిక్‌కూ రేకుకూ మధ్య సందు దగ్గర పట్టి నెమ్మదిగా బిగిస్తే చిట్లుతుంది. కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఆమ్లాలతో కరిగించే ప్రయోగం ఇంట్లో వద్దు, ఆ పొగ ఊపిరితిత్తులను తినేస్తుంది. రేకు మీద అతికిన బూడిద రంగు మెరుపు ముక్కే అసలు ఐసీ. అదే నంబరుతో చచ్చిన నికార్సైన ఐసీ ఒకటి ఉంటే అదీ అలాగే పగలగొట్టి, రెండింటినీ పక్కపక్కన, మిల్లీమీటర్ల స్కేలు ఆనించి ఫోటో తీసి, బిల్లుతో పాటు ఫిర్యాదుకు జత చేయండి.

ఇట్లు,
ఆడియో సర్వీసింగ్ పనివారు కొందరు,
వరంగల్